పది చింతపిక్కలు



"నీకు బాగా తెలిసిన సంగతి రాయి" అని తెలుగు మాస్టారు చెప్పారు. మా రూములో ఒకమ్మాయి కంది కొత్తల పండగ గురించి రాస్తోంది. ఇంకొకమ్మాయి వాళ్ల తోటలోకి ఏనుగులు వచ్చిన సంగతి రాస్తోంది. నాకు బాగా తెలిసింది ఎదురు చూడడం. మా అయ్యకి రెండు కిడ్నీలూ పని చెయ్యడం మానేశాయి. వేరే కిడ్నీ పెట్టాలని పేరు రాయించి ఏడాదిన్నర అయింది. ఈ సంగతి హాస్టల్లో అందరికీ తెలుసు. ఆదివారం మావాళ్లు నన్ను చూసి వెళ్లగానే నలుగురు నా చుట్టూ చేరి ఒకటే మాట అడుగుతారు.

"ఇంకా రాలేదా?"

"రాలేదు" అంటాను. ఆ తరువాత ఏమి మాట్లాడాలో వాళ్లకీ తోచదు, నాకూ తోచదు. కిడ్నీ వచ్చేదాకా మా ఇంట్లో ఏమీ జరగదని, అందరం గుమ్మంలో కూచుని దారి చూస్తుంటామని మీరు అనుకుంటారేమో. అలాగ కాదు. ఎదురు చూడడంలో చాలా పని ఉంది. అదే రాస్తున్నాను.

మాది సీతంపేట కొండల్లో జాతాపుల ఊరు. 32 గడపలు. రోడ్డు నుంచి 3 కిలోమీటర్లు పైకి నడవాలి. మాకు కొంచెం జీడితోట, కొంచెం పోడు ఉన్నాయి. కందులు, చోళ్లు వేస్తాం. అనాస, కొండచీపుర్లు కూడా ఉన్నాయి. మా అయ్య అనాస పళ్లు కావిడి వేసుకుని మధ్యలో ఎక్కడా దించకుండా సంతకి దిగిపోయేవాడు. ఆయన వెనకాల నేను పరిగెత్తాల్సి వచ్చేది.

తరువాత ఆయన కావిడి దారిలో రెండు మూడు చోట్ల దించడం మొదలుపెట్టాడు. కాళ్లు వాచాయి. పొద్దున్నే మొహం ఉబ్బేది. ఒళ్లు నొప్పులని దుకాణంలో బిళ్లలు కొనుక్కుని మింగేవాడు. అన్నం చూస్తే వాంతి వచ్చేది. మా ఊరి ఎజ్జోడు తాత వచ్చి చూశాడు. కోడిని కోసి మొక్కు తీర్చాడు. తరువాత అయ్య కాలి మీద బొటనవేలుతో నొక్కాడు. అక్కడ గుంట పడి అలాగే ఉండిపోయింది. అది చూసి తాతే అన్నాడు, "ఇది నా సేతిలోది కాదురా. కిందకి తీసికెల్లండి."

ఆసుపత్రిలో నర్సమ్మ బీపీ చూసి, మళ్లీ చూసి, డాక్టరుగారిని పిలిచింది. 210 ఉంది. అది ఎన్నేళ్ల నుంచి ఉందో ఎవరికీ తెలియదు. బీపీ ఎక్కువైతే నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. లోపల సన్నని రక్తనాళాలను పాడు చేసుకుంటూ పోతుంది. కిడ్నీలు నిండా అలాంటి సన్నని నాళాలే. కొందరు మమ్మల్ని "ఉద్దానం జబ్బా?" అని అడుగుతారు. ఉద్దానం అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్లు. అక్కడ ఎంతోమందికి కిడ్నీలు పాడవుతున్నాయి. ఎందుకో ఇదీ అని ఇంకా పూర్తిగా తేల్చలేదు. అక్కడివాళ్ల కోసం 2023 డిసెంబరులో పలాసలో పెద్ద కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. మా అయ్యది అది కాదు. మా అయ్యకి బీపీ వల్ల వచ్చింది అన్నారు.

పదో తరగతి అక్కల సైన్సు పుస్తకంలో విసర్జన గురించి ఉంది. నేను అడిగి తెచ్చుకుని ముందే చదివేశాను. కిడ్నీ మన గుప్పెడంత ఉంటుంది. ఒక్కొక్క దానిలో సుమారు 10 లక్షల జల్లెడలు ఉంటాయి. రోజుకి 180 లీటర్ల నీరు రక్తంలోంచి ఆ జల్లెడల్లో పడి, మళ్లీ చాలామటుకు రక్తంలోకే వెళ్లిపోతుంది. మిగిలిన ఒకటి రెండు లీటర్లే మూత్రం. ఇంత పని మన నడుం దగ్గర రాత్రీ పగలూ జరుగుతూ ఉంటే మనకి తెలియనే తెలియదు. ఆగిపోయినప్పుడు తెలుస్తుంది.

ఆగిపోయిన పని మిషను చేస్తుంది. దాన్ని డయాలసిస్ అంటారు. ఆ మిషను ఎవరు చేశారో సైన్సు మాస్టారు చెప్పారు. హాలెండు దేశంలో విలెం కాల్ఫ్ అనే డాక్టరు 1943లో చేశాడు. అప్పుడు అక్కడ యుద్ధం జరుగుతోంది. సామాన్లు దొరకవు. మాంసం కూరి అమ్మే సెల్లోఫేను గొట్టం తెచ్చి ఒక పీపాకి చుట్టి, దానిలోంచి రక్తం పారించాడు. మొదటివాళ్లు దాదాపు అందరూ చనిపోయారు. ఆయన మానలేదు. 1945లో ఒక ముసలామె బతికింది. ఆ ముసలామె బతకకపోతే ఆయన మానేసేవాడేమో అని నాకు అప్పుడప్పుడు భయం వేస్తుంది.

మా అయ్యకి మంగళవారం, గురువారం, శనివారం డయాలసిస్. ఒక్కోసారి 4 గంటలు. డబ్బు కట్టక్కర్లేదు, సర్కారే చేయిస్తుంది. డయాలసిస్ వాళ్లకి సర్కారు పింఛను నెలకి 10,000 రూపాయలు వస్తుంది. అందులో ఆటోకి, మందులకి పోతుంది. ఆ మూడు రోజులూ అయ్య తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరతాడు. అమ్మ టార్చిలైటు పట్టుకుని రోడ్డు దాకా తోడు వస్తుంది. ఏనుగులు తిరుగుతున్నాయని కబురు వస్తే ఊళ్లోవాళ్లు ఇంకో ఇద్దరు డప్పు తీసుకుని వస్తారు. రోడ్డు మీద ఆటో ఎక్కించి అమ్మ వెనక్కి వచ్చి జీడితోటకి వెళ్తుంది. అయ్య సాయంత్రం వస్తాడు. వచ్చాక ఏమీ మాట్లాడడు. పడుకుంటాడు. మర్నాడు బాగుంటాడు. ఆ మర్నాడు మళ్లీ నాలుగింటికి లేవాలి.

ఆయన ఎడమ చేతిలో ఒక రక్తనాళాన్ని ఇంకో దానితో కలిపి కుట్టారు. మిషనుకి రెండు సూదులూ అక్కడే గుచ్చుతారు. ఆ చేతిమీద వేలు పెడితే లోపల గుయ్యిమని కదులుతుంది. తేనెపట్టు ఉన్న కొమ్మను పట్టుకున్నట్టే ఉంటుంది. అది కదులుతుంటే మంచిది. ఆగిపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అందుకని పొద్దున్న లేవగానే మా తమ్ముడు మొదట అయ్య చెయ్యి పట్టుకుని చూస్తాడు. తరువాతే మొహం కడుగుతాడు. ఆ చేతితో బరువు ఎత్తకూడదు, బీపీ చూడనివ్వకూడదు. ఇంక కావిడి లేదు. కావిడి బద్ద అటక మీద ఉంది.

అన్నిటికన్నా కష్టం నీళ్లు. మూత్రం రాదు కనక తాగిన నీళ్లు ఒంట్లోనే ఉండిపోతాయి. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం వస్తుంది. రోజుకి అన్నీ కలిపి 1 లీటరు దాటకూడదని డాక్టరుగారు చెప్పారు. అన్నీ అంటే నీళ్లు, టీ, చారు, అంబలి కూడా. అంబలి తాగి పెరిగిన మనిషికి అంబలి లెక్కపెట్టి ఇవ్వాలంటే ఎలాగ ఉంటుందో చూడండి. జీలుగు కల్లు సంగతి సరేసరి.

మా అమ్మకి, మామ్మకి చదువు లేదు. లీటరు అంటే వాళ్లకి కిరసనాయిలు సీసా. అందుకని నేను ఇంట్లో టీ గ్లాసు ఒకటి తెచ్చి, మన ల్యాబులో మాస్టారిని అడిగి, బీకరుతో కొలిచాను. గీత దాకా పోస్తే 100 మిల్లీలీటర్లు. అంటే రోజుకి 10 గ్లాసులు. పొద్దున్న మామ్మ ఒక చిప్పలో 10 చింతపిక్కలు వేస్తుంది. అయ్య ఒక గ్లాసు తాగితే ఒక పిక్క తీసి పక్క చిప్పలో వెయ్యాలి. పిక్కలు అయిపోతే నీళ్లు అయిపోయినట్టే. నాలుగో తరగతి చదివే మా తమ్ముడు దీనికి కాపలా. వాడు ఎంత గట్టివాడంటే, ఒకసారి ఎండాకాలంలో అయ్య "ఒక్కటేరా" అని అడిగితే చిప్ప కడుపు కింద పెట్టుకుని పడుకున్నాడట. పడుకుని ఏడ్చాడట. నీళ్లు మాత్రం ఇవ్వలేదు.

దాహం వేసినప్పుడు అయ్య నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి ఊసేస్తాడు. మింగకుండా ఊసెయ్యడం ఎంత కష్టమో నేను ఒకరోజు మన కుళాయి దగ్గర పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చేసి చూశాను. చెయ్యలేకపోయాను.

వంటకీ లెక్కలు ఉన్నాయి. పొటాషియం అనేది ఎక్కువైతే గుండె ఆగిపోతుందట. పనస, అరటి, కొబ్బరినీళ్లు, చింతపండు, ఆకుకూరలు వీటిలో అది ఎక్కువ. మన కొండల్లో దొరికేవన్నీ అవే కదా! కూరముక్కలు ఎక్కువ నీళ్లల్లో నానబెట్టి, ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబొయ్యాలి. అప్పుడు వండాలి. మా మామ్మ ఆ నీళ్లు పారబోసినప్పుడల్లా "సారమంతా నేలకి పోసీసి పిప్పి నా కొడుక్కి పెడతన్నాను" అంటుంది. ఉప్పుచేప మా ఇంట్లో మానేశాం. ఎవరమూ తినం. వాసన వస్తే ఆయనకి తినాలని ఉంటుంది కదా.

ఇందులో నా పని పుస్తకం. ఒక నోటుబుక్కులో గళ్లు గీసి ఇచ్చాను. తేదీ, మిషనుకి ముందు బరువు, తరువాత బరువు, బీపీ, మిగిలిన పిక్కలు. అంకెలు తమ్ముడు వేస్తాడు. ఆదివారం అయ్య ఆ పుస్తకం తెస్తే నేను కూడి చూస్తాను. అయ్యకి ఉండాల్సిన బరువు 48 కిలోలు. 50 దాటితే అడుగుతాను. ఆయన నవ్వుతాడు. "మా పిల్ల ఇనస్పెట్రు" అని మామ్మతో చెప్తాడు. ఒకసారి డాక్టరుగారు ఆ పుస్తకం చూసి "ఇది ఎవరు రాశారు?" అని అడిగారట. "మా గుంట రాసింది, తొమ్మిది సదువుతంది" అన్నాడట అయ్య. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. ఆసుపత్రి కాగితాలన్నీ నా దగ్గరికే వస్తాయి. వేలిముద్ర వేసేముందు అందులో ఏముందో నేను చదివి చెప్పాలి.

ఇప్పుడు "మీలో ఎవరో ఒకరు ఇవ్వొచ్చు కదా" అని మీరు అడుగుతారు. ఊళ్లో అందరూ అడిగారు. మనిషి ఒక్క కిడ్నీతో బాగానే బతకగలడు. 1954 డిసెంబరు 23న అమెరికాలో బోస్టన్ నగరంలో అలాగ చేసింది మొదటిసారి బాగా ఫలించింది. కవల అన్నదమ్ముల్లో ఒకరిది తీసి ఇంకొకరికి పెట్టారు. తీసుకున్నతను ఇంకో 8 సంవత్సరాలు బతికాడు. అది చేసిన డాక్టరు జోసెఫ్ ముర్రేకి 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో 1971లో వెల్లూరులో చేశారు.

కాని అందరిదీ అందరికీ సరిపోదు. ముందు రక్తం గ్రూపు కలవాలి. అయ్యది ఓ గ్రూపు. ఓ గ్రూపు వాళ్లు ఏ గ్రూపుకయినా ఇవ్వగలరు, తీసుకోవడం మాత్రం ఓ గ్రూపు దగ్గరే తీసుకోవాలి. అమ్మ మొదటిరోజే చెయ్యి చాపింది. అమ్మది బి గ్రూపు. చిన్నాన్నది ఓ గ్రూపే, ఆయనకీ బీపీ ఉందని అప్పుడే బయటపడింది. ఆయన కూడా ఇప్పుడు బిళ్లలు వేసుకుంటున్నాడు. మా అత్త అన్ని పరీక్షలకీ వెళ్లింది. ఆమెకి సికిల్ సెల్ జబ్బు ఉన్నట్టు తెలిసింది. "నీ ఆరోగ్యం నువ్వు ముందు చూసుకోవాలమ్మా" అని పంపేశారు. మామ్మ ముసలిది. అయినా వెళ్లి "నాకింకెందుకు, రెండూ తీసీండి" అందట.

నాది ఓ గ్రూపు. మన హాస్టల్లో రక్త పరీక్షలు చేసినప్పుడు కార్డు మీద రాశారు. ఆ కార్డు దసరా సెలవుల్లో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కార్డు చూశారు. నన్ను కూచోమన్నారు. "18 ఏళ్లు నిండనివాళ్ల దగ్గర తీసుకోకూడదమ్మా. 1994లో పార్లమెంటు చేసిన చట్టంలోనే ఉంది" అన్నారు. ఆ చట్టం గురించి ఆయన నాకు చాలా చెప్పారు. కిడ్నీ కొనడం, అమ్మడం నేరం. తల్లి, తండ్రి, భార్య, భర్త, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఇవ్వొచ్చు. 2011లో తాత మామ్మలను, మనవలను కూడా చేర్చారు. బీదవాళ్లను, చిన్నపిల్లలను ఎవరూ బలవంతపెట్టకుండా ఇవన్నీ పెట్టారట.

"నాకు 18 రావడానికి నాలుగేళ్లు ఉంది సార్" అన్నాను. అయ్య పక్కనే ఉన్నాడు. అప్పటిదాకా ఏమీ అనలేదు. "నాలుగేళ్లు కాదు, నలభై ఏళ్లయినా నీది నాకొద్దు. కావిడి నాను మోసినాను, నీసేత మోయించను" అన్నాడు. బయటికి వచ్చాక ఆటోలో ఇద్దరం మాట్లాడుకోలేదు. దిగేటప్పుడు "పుస్తకం రాస్తన్నావు గదా, అదే సాలు" అన్నాడు. నాకు అది చాలదు. అయినా చట్టం మంచిదే అని ఇప్పుడు అనుకుంటున్నాను. లేకపోతే మన ఊళ్లల్లో ఎంతమంది ఆడపిల్లలను అడిగేవారో!

అందుకని జీవన్‌దాన్‌లో పేరు రాయించారు. మన రాష్ట్రంలో చనిపోయినవాళ్ల అవయవాలు ఎవరికి ఇవ్వాలో అక్కడే చూస్తారు. చనిపోయినవాళ్లు అంటే అందరూ కాదు. ఎక్కువగా రోడ్డు ప్రమాదంలోనో మరోలాగో తలకి దెబ్బ తగిలి మెదడు పూర్తిగా చచ్చిపోయినవాళ్లు. మిషను మీద గుండె కొట్టుకుంటూ ఉంటుంది. కాని మనిషి ఇంక లేడు. నలుగురు డాక్టర్లు కలిసి రెండుసార్లు పరీక్ష చెయ్యాలి. రెండు పరీక్షల మధ్య కనీసం 6 గంటలు ఉండాలి. అప్పుడు ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటేనే తీస్తారు. ఒక మనిషి దగ్గర గుండె, రెండు ఊపిరితిత్తులు, కాలేయం, రెండు కిడ్నీలు ఇలాగ చాలామందికి పనికొస్తాయి. కళ్లు కూడా ఇవ్వొచ్చు. కిడ్నీని మంచులో పెట్టి ఒక రోజు, మరీ అయితే రోజున్నర ఉంచగలరు. ఆలోపు పెట్టెయ్యాలి.

ఇది నేను ఇంట్లో చదివి చెప్పిన రోజు మా మామ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. "అంటే ఎవులో సచ్చిపోతేనే గదే మనకి వచ్చీది?" అంది. అవునన్నాను. "మరి నానేమని మొక్కాలే?" అంది. మాలో ఎవరికీ జవాబు తెలీలేదు. అప్పటిదాకా రోజూ జాకరమ్మకి "నా కొడుక్కి తొందరగా వచ్చీలాగ సూడు తల్లీ" అని మొక్కేది. ఆ రోజునుంచి కొన్నాళ్లు మొక్కడమే మానేసింది. దీపం పెట్టి ఊరికే నిలబడేది.

ఎదురుచూపులో ఇది అన్నిటికన్నా కష్టం. నీళ్లకన్నా కష్టం. మనకి కావాల్సింది అడగలేం. వాన కోసం ఎదురు చూస్తే వాన రావాలని అడగొచ్చు. సెలవుల కోసం ఎదురు చూస్తే రోజులు లెక్కపెట్టొచ్చు. దీనికి ఎలాగ అడగాలి?

ఇంక ఫోను సంగతి. పిలుపు ఎప్పుడైనా రావొచ్చు. మా ఊళ్లో సిగ్నలు లేదు. ఊరి చివర బండ ఎక్కితే వస్తుంది. అందుకని జీవన్‌దాన్ కాగితంలో మూడు నంబర్లు రాయించాం. ఒకటి అయ్యది. రెండోది కింద ఊళ్లో ఆటో మావది. మూడోది మన వార్డెన్ మేడంది. రాత్రుళ్లు మేడం ఫోను ఎందుకు ఆపరో, దిండు పక్కనే ఎందుకు పెట్టుకుంటారో మీలో చాలామందికి తెలియదు. ఏడాదిన్నర నుంచి ఇదే కారణం. ఇంట్లో ఒక సంచి సర్ది ఉంటుంది. రిపోర్టుల ఫైలు, ఆధార్, రేషన్ కార్డు, రెండు లుంగీలు, అమ్మ చీర, స్టీలు గ్లాసు, 4,000 రూపాయలు. ఇంట్లో ఎంత అవసరం వచ్చినా ఆ డబ్బు ముట్టుకోం. విశాఖపట్నం అయిదారు గంటల దారి.

పోయిన వానాకాలం ఒక రాత్రి ఫోను వచ్చింది. మన రూము అమ్మాయిలకు గుర్తుండే ఉంటుంది. మొదటి రెండు నంబర్లు కలవలేదు. మేడంకి చేశారు. మేడం వచ్చి నన్ను లేపి, "మీ ఇల్లు ఎక్కడో వాచ్‌మెన్ అన్నయ్యకి చెప్పు" అన్నారు. నేను నోటుబుక్కు కాగితం మీద బొమ్మ గీశాను. వాగు, చింతచెట్టు, చింతచెట్టు దాటాక మూడో ఇల్లు. అన్నయ్య ఆ కాగితం కవరులో పెట్టుకుని వానలో బండి మీద వెళ్లాడు. రోడ్డు దగ్గర బండి పెట్టేసి 3 కిలోమీటర్లు నడిచి ఎక్కాడు. ఆ వారం అటువైపు ఏనుగులు ఉన్నాయి. ఆయనకి ఆ సంగతి తెలుసు. అయినా వెళ్లాడు. మీరందరూ ట్రంకు పెట్టెల మీద కూచుని తెల్లవార్లూ నాతో మేలుకున్నారు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఒకరు నా జడ విప్పి మళ్లీ అల్లారు. నాకు అది బాగా గుర్తుంది.

అయ్య తెల్లారేసరికి బస్సెక్కాడు. పొద్దు బాగా ఎక్కాక విశాఖపట్నం చేరాడు. అక్కడ ఇంకొకాయన్ని కూడా పిలిచారు. అలాగ ఇద్దరు ముగ్గురిని పిలుస్తారు. చనిపోయినవాళ్ల రక్తంతో వీళ్ల రక్తం కలిపి చూస్తారు. ఎవరికి పడితే వాళ్లకి పెడతారు. అయ్యది పడలేదు. ఆ ఇంకొకాయనకి పడింది. సాయంత్రం అయ్య మేడం ఫోనుకి చేసి నాతో మాట్లాడాడు. "ఆయనకే సరిపడ్డాదంట. ఇద్దరాడపిల్లలున్నారంట. పోనీలేమ్మా, మంచిదే" అన్నాడు. కొంచెంసేపు ఆగి, "ఇక్కడ మూల ఒకామె కూచుని ఏడుస్తంది. ఆమె ఎవరో నానడగలేదు" అన్నాడు. చనిపోయినవాళ్ల పేరు తీసుకున్నవాళ్లకి చెప్పరు. ఆమె ఆ చనిపోయినవాళ్ల తల్లో, వేరే ఎవరి తల్లో మాకు తెలియదు.

అయ్య మర్నాడు వచ్చాడు. సంచి మళ్లీ సర్ది మేకుకి తగిలించారు. మంగళవారం మళ్లీ మిషను. ఇప్పుడు అయ్య రాత్రుళ్లు కింద ఊళ్లో ఆటో మావ వాళ్ల అరుగు మీద పడుకుంటున్నాడు. అక్కడ సిగ్నలు బాగుంటుంది.

ఆ తరువాత కంది కొత్తలు వచ్చాయి. మన కొత్తల పండగ అందరికీ తెలిసిందే. కొత్త కందులు వండి ముందు చనిపోయిన పెద్దలకి పెట్టి, తరువాతే మనం తింటాం. మా ఇంట్లో ప్రతి ఏడూ తాతకి, ముత్తాతకి, చిన్నప్పుడే చనిపోయిన మా పెద్దనాన్నకి ఆకులు వేస్తారు. ఈసారి మామ్మ ఒక ఆకు ఎక్కువ వేసింది. "ఇది ఎవరికే?" అని అమ్మ అడిగింది. "ఆ పట్నంలో పోయిన మనిసికి" అంది మామ్మ. "పేరు తెలీదు గదా" అంది అమ్మ. "పేరుతో పనేటి, తింటాడు" అంది. ఆ మనిషి మా చుట్టం కాదు. ఆ కిడ్నీ మాకు రాలేదు కూడా. అయినా మామ్మ పెట్టింది. అయ్య ఆ ఆకు ముందు చాలాసేపు కూచున్నాడు.

అప్పటినుంచి మామ్మ మళ్లీ మొక్కుతోంది. ఇప్పుడు మొక్కు మార్చింది. "ఎవరి బిడ్డకీ ఏ కష్టం రాకుండా సూడు తల్లీ. రాకతప్పదంటే, ఆల ఇంటోలకి మంచి బుద్ధి పుట్టించు" అంటుంది. ఇది నాకు సరయిన మొక్కు అనిపించింది. నేను కూడా మన ప్రేయరులో కళ్లు మూసుకున్నప్పుడు అదే అంటున్నాను.

కిడ్నీ వచ్చిందే అనుకోండి, అప్పుడు అంతా అయిపోయిందని కూడా కాదు. పాత కిడ్నీలు సాధారణంగా తియ్యరు. కొత్తది పొత్తికడుపులో ఒక పక్కన పెడతారు. మా అయ్యకి మూడు కిడ్నీలు ఉంటాయి! కొత్తది పరాయిది అని ఒళ్లు దాన్ని తరిమెయ్యాలని చూస్తుంది. అలా చెయ్యకుండా రోజూ టైముకి బిళ్లలు వేసుకోవాలి, అది పని చేసినన్నాళ్లూ. మళ్లీ నేను ఇంకో పుస్తకానికి గళ్లు గియ్యాలి. గీస్తాను. కాని నీళ్లు తాగొచ్చు. అయ్య వాగు దగ్గర వంగి దోసిలితో కడుపునిండా తాగడం చూడాలని మా తమ్ముడు అంటున్నాడు. చింతపిక్కలన్నీ ఆ రోజు వాగులో పారేస్తాడట.

చివరగా మీకు మూడు సంగతులు చెప్తాను.

ఒకటి. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు మీ అమ్మకి, అయ్యకి బీపీ చూపించండి. ఆసుపత్రిలో డబ్బులు అడగరు. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. కాళ్లు వాచినా, మూత్రం నురగ వచ్చినా చెప్పండి. ఒళ్లు నొప్పుల బిళ్లలు దుకాణంలో అడిగి రోజూ మింగనివ్వకండి.

రెండు. ఆగస్టు 3న మన దేశంలో అవయవదాన దినం జరుపుతారు. మనం చిన్నవాళ్లం, ఇస్తామని మాట ఇవ్వడానికి 18 నిండాలి. కాని ఇంట్లో మాట్లాడొచ్చు. మా ఊళ్లో మామ్మ అందరితోనూ మాట్లాడేసింది. "నాను పోతే కళ్లయినా తీసీండి, మట్టికెందుకు" అని చెప్పింది. మొదట ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. ఇప్పుడు ఒకరిద్దరు వింటున్నారు.

మూడు. ఆదివారం "ఇంకా రాలేదా?" అని నన్ను అడగకండి. "మీ అయ్య ఎలాగున్నాడు?" అని అడగండి. అప్పుడు నేను చెప్పడానికి చాలా ఉంటుంది. ఈ వారం బరువు 49న్నర దాటలేదు. గురువారం మిషను అయ్యాక కూడా నడిచి ఇల్లు చేరాడు. కూచుని చెయ్యగలిగిన పని అని చీపుర్లు కట్టడం మొదలుపెట్టాడు. కుడిచేత్తో కట్టి పళ్లతో తాడు బిగిస్తాడు. సంతలో 30 చీపుర్లు అమ్మాడు. బుధవారం రాత్రికి చిప్పలో రెండు చింతపిక్కలు మిగిలాయట.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి విద్యార్థిని